శుక్రవారం ఫోన్

ఇది రాసేముందు పక్కింటి జమున చిన్నమ్మను అడిగాను. రాసిన తర్వాత ఆమె వాకిట్లో కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. రెండు చోట్ల ఆపి, "గా మాట తీసెయ్" అంది. తీసేశాను. ఎందుకని అడగలేదు. ఊరి పేరు రాయొద్దంది, రాయడం లేదు. జమ్మికుంట మార్కెట్‌కు పత్తి పంపే ఊర్లలో ఒకటి అనుకుంటే చాలు. ఆమె అత్త బుచ్చవ్వ చనిపోయి ఏడాది దాటింది. "ఇగ రాస్కో. ఎవలు సదివినా నాకేం ఫికర్ లేదు," అంది జమున చిన్నమ్మ.

ఎంత చిన్న పని ఇది! అడగడం, వినిపించడం, వద్దన్నది తీసేయడం. ఎం.ఎ. చదివిన నాకుగానీ, రెండు దేశాల్లో చదువుకున్న మా మేడంకుగానీ ఆ పత్తి సీజన్‌లో ఈ పని తోచలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద ఎక్కువా, నా మీద ఎక్కువా అంటే మాత్రం ఒక్కోరోజు ఒక్కో తీరుగా ఉంటుంది.

కరీంనగర్‌లో సోషియాలజీ పూర్తిచేసి ఆరునెలలు ఖాళీగా ఉన్నాను. దసరా పోయిన వారం మా పాత లెక్చరర్ ఫోన్ చేశారు. విదేశీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మాళవిక మేడం, గల్ఫ్‌కు పోయినవాళ్ళ భార్యల మీద రీసెర్చ్ చేస్తున్నారట. సహాయానికి పట్నం పిల్ల వద్దు, ఆ ఊర్లోనే పుట్టిన పిల్ల కావాలన్నారట. మా ఊర్లో పుట్టడం కూడా ఒక అర్హత అని వినడం నాకదే మొదలు. పొంగిపోయాను.

మేడం మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పాలి. తిన్న ప్లేటు తనే కడుక్కునేవారు. మా అవ్వను, అంటే మా అమ్మను, "దెబోరా గారూ" అని పిలిచేవారు. మా అవ్వను అంతకుముందు ఎవరూ గారు అనలేదు. వెనకటి పరిశోధకులు ఊర్లమీద పడి, జనాన్ని వింత జంతువుల్ని చూసినట్టు చూసి, పుస్తకాలు రాసుకొని పోయారనీ, తెల్లదొరలు నేర్పిపోయిన ఆ చూపు మన చదువుల్లో ఇంకా ఉందనీ, దాన్ని వదిలించుకోవడమే తన పని అనీ చెప్పేవారు. "వాళ్ళెవరు అని అడిగేముందు నేనెవర్ని, ఎక్కడ నిలబడి చూస్తున్నాను అని మనల్ని మనం అడగాలి హెప్సీ." నాకు ఆ మాటలు నచ్చాయి. ఇప్పటికీ నచ్చుతాయి. నా బాధంతా అదే.

మొదటి ఇంటర్వ్యూ మా పక్కింట్లో పెట్టుకున్నాం. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు: బుచ్చవ్వ, ఆమె చిన్నకోడలు జమున, జమున కూతురు కావ్య. చిన్నకొడుకు అంజన్న గల్ఫ్‌లో, దమ్మాంలో ఉన్నాడు. పెద్దకొడుకు పరశురాములు పెళ్ళికాగానే వేరుపడి బస్సు రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నాడు.

మేడం వాకిట్లోకి రాగానే బుచ్చవ్వ నులకమంచం వాల్చి మంచి దుప్పటి పరిచింది. మేడం మంచం ఎక్కలేదు. ఎత్తుమీద కూర్చుంటే అధికారం వస్తుందని చెప్పి కింద గచ్చుమీద కూర్చున్నారు. ఇంటికి వచ్చిన పెద్దమనిషి కింద కూర్చుంటే ఇంటివాళ్ళు మంచం ఎక్కుతారా? ఎక్కరు. పక్కన చతికిలబడతారా? అదీ మర్యాద కాదు. గంటన్నర సేపు బుచ్చవ్వ మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకొని, జమున చిన్నమ్మ గోడకు ఆనుకొని, నిలబడే జవాబులు చెప్పారు. మేడం నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నారు. తర్వాత చూశాను. "ఈరోజు వాళ్ళు నాకంటే ఎత్తులో ఉన్నారు" అని ఉంది.

"నేను మీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చానమ్మా," అన్నారు మేడం గట్టిగా, బుచ్చవ్వ చెవికి అందేలా.

"గింత సదివినవ్, మా తాన నేర్చుకునేదేమున్నది బిడ్డా? పత్తి ఏరుడా? రేపు పొద్దుగాల రా మరి."

అందరం నవ్వాం. మేడం కూడా నవ్వి, "మీ అబ్బాయి ఫోన్ చేస్తుంటారా?" అని అడిగారు.

బుచ్చవ్వ ముఖం వెలిగిపోయింది. "చెయ్యకేం! ప్రతి శుక్రారం చేస్తడు. ఆడ సెలవు గద. నాకు ఫోన్ల మాట వినవడది. జమున మాట్లాడి నాకు చెప్తది. మొన్న చేసిండు. చలి మొదలైందట, కాళ్ళు పలుగుతున్నయట. 'అవ్వా, నేనొచ్చేదాక ఇల్లు జమునది. ఆమె మాట కాదనకు' అన్నడు. చేసినప్పుడల్లా గదే మాట. పెండ్లామంటే గంత పాయిరం నా కొడుక్కు."

"నిజమేనా?" అన్నట్టు మేడం జమున చిన్నమ్మ వైపు చూశారు.

"ఔ మేడం. చేస్తడు," అంది ఆమె తల వంచుకొని. మేడం చూపించిన చోట సంతకం పెట్టింది.

మర్నాడు మేడం నిజంగానే పత్తిచేనుకు వచ్చారు. ఒక గంట ఏరారు. వేళ్ళకు ఎండుకాయల మొనలు గీరుకొని రక్తం వచ్చింది. నిజం చెప్పాలి, మేడం ఓర్చుకున్నారు. ఆ గంట గురించి పుస్తకంలో నాలుగు పేరాలు ఉన్నాయి. మా అవ్వ ఇరవైయేళ్ళుగా ఏరుతోంది. ఆమె వేళ్ళ గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

ఇంటర్వ్యూలు లేని రోజుల్లో నేను అవ్వ వెంట చేనుకు పోయేదాన్ని. పత్తి ఏరేటప్పుడు ఒక్కొక్కరు రెండేసి సాళ్ళు పట్టుకుంటారు. నడుముకు ఒడి కట్టుకొని, వంగి ఏరుకుంటూ, పక్క సాళ్ళ మనిషితో ముచ్చట పెట్టుకుంటూ పోతారు. చెట్ల చాటున ముఖాలు కనిపించవు, గొంతులు వినిపిస్తాయంతే. మొగుడికి, అక్కచెల్లెళ్ళకు, మా మెథడిస్టు చర్చి పాస్టరమ్మకు కూడా చెప్పని మాటలు ఆ సాళ్ళలో చెప్పుకుంటారు. ఒడి నిండి గెట్టుమీదికి వచ్చాక ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎంత పెద్ద సంగతైనా సరే, మళ్ళీ సాళ్ళలోకి దిగాకే. విన్నది ఇంటికి మోసుకుపోయిన మనిషి పక్కన తర్వాతి రోజు ఎవరూ సాళ్ళు పట్టరు. ఇది నాకు ఒకరు నేర్పింది కాదు, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

రెండో ఏరుడు మొదలైన వారంలో ఒక గురువారం. అవ్వ పక్క సాళ్ళలో జమున చిన్నమ్మ, అవ్వకు ఇటుపక్క నేను.

"అక్కా, రేపు శుక్రారం," అంది జమున చిన్నమ్మ.

"ఆఁ," అంది అవ్వ.

"రేపేం చెప్పాల్నో సమజ్ అయితలే." ఆమె గొంతు తగ్గించింది. "పద్నాలుగు నెలలాయె అక్కా ఫోన్ రాక. నంబర్ కలుస్తలేదు. కంపెనీ ఇడిసిపెట్టి ఎటో పోయిండని ఆయనతోని ఉన్నోళ్ళు చెప్పిన్రు. ఉన్నడో లేడో, ఇంకోదాన్ని చేస్కున్నడో, ఏం ఎర్కలేదు."

"మరి మీ అత్తకు?"

"ఆమెకెట్ల చెప్పాలె? మా బావ ఎప్పుడెప్పుడా అని చూస్తుండు. 'మొగడు లేనంక నీకు ఈడేం పని, బిడ్డను తీస్కొని మీ వేములాడకు పో' అంటడు. అత్త ఒక్కతే అడ్డం నిలవడ్డది. 'ఇల్లు జమునదని నా కొడుకే చెప్పిండు' అంటది. గా మాట ఆమె కొడుకు అన్నది గాదు అక్కా, నేను అన్నది. ఎర్కయిన్నాడు నేనూ నా బిడ్డా రోడ్డు మీదనే."

మా అవ్వ చెయ్యి ఆపకుండా ఏరుకుంటూ పోయింది. నాలుగైదు చెట్లు దాటాక, "పోయినవారం కాళ్ళు పలిగినయని చెప్పినవ్ గద," అంది. "రేపు నయమైనయని చెప్పు."

గెట్టుమీదికి వచ్చాం. నీళ్ళు తాగాం. ఇద్దరూ కందికాయ గురించి మాట్లాడుకున్నారు. నేను విన్నానని ఇద్దరికీ తెలుసు. నువ్వు వినొద్దు అని ఒక్కరూ అనలేదు. నేను ఆ సాళ్ళ మనిషినే అనుకున్నారు మరి.

ఇక డైరీ సంగతి. చేరిన రోజే మేడం నాతో కూడా ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. రోజూ సాయంత్రం నా మనసులో ఉన్నది ఫోన్‌లో రికార్డు చేసి పంపాలి. పరిశోధకుడు తనను తాను చూసుకోని పరిశోధన దొంగచూపు అవుతుందని మేడం చెప్పేవారు. నేను రోజూ ఎవరు ఏం చెప్పారో అప్పజెప్పేదాన్ని. వారం తర్వాత మేడం నుంచి సందేశం వచ్చింది: "హెప్సీ, నీ డైరీలో అందరూ ఉన్నారు, నువ్వు లేవు. నీకేం అనిపించిందో ఎక్కడుంది?"

నాకు అవమానం అనిపించింది. నాక్కూడా మనసుందని చూపించాలనిపించింది. ఆ గురువారం సాయంత్రం మా ఇంటి వెనక కూర్చొని ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాను. నా దుఃఖం గురించే మాట్లాడాను. జమున చిన్నమ్మ గొంతు వింటుంటే నాకు గుండె ఎట్లా పట్టేసిందీ, మా అవ్వ ఇచ్చిన సలహాకు నాకెంత గర్వం అనిపించిందీ చెప్పాను. నా దుఃఖం చెప్పాలంటే దానికి కారణం చెప్పాలి కదా. చెప్పాను. పద్నాలుగు నెలలు, పలిగిన కాళ్ళు, బావ, ఇల్లు, అన్నీ.

పావుగంటలో జవాబు వచ్చింది. "ఎంత గొప్పగా చెప్పావు! మొదటిసారి నీ గొంతు విన్నాను." ఆ సందేశాన్ని నేను నాలుగుసార్లు విన్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది కానీ, ఆ వారమంతా నేల మీద నడవలేదు నేను.

డిసెంబర్‌లో మేడం తిరిగి పోయారు. మేం ఇంటిమీద క్రిస్మస్ స్టార్ కట్టాం. బుచ్చవ్వ ఎప్పట్లాగే మా ఇంటికి వచ్చి కేకు తిని, మా బాపు నారింజపండ్లు ఇస్తే కొంగులో కట్టుకుంది. ఆ రోజు గురువారం. "రేపు అంజన్నకు చెప్త, దెబోరోళ్ళ పండుగ మంచిగైందని," అంది. జమున చిన్నమ్మ అవ్వ వైపు చూసింది. నేను వేరే వైపు చూశాను.

జనవరిలో మేడం ఫోన్ చేశారు. మామూలుగా ఇలాంటి రీసెర్చ్ ఇంగ్లీషులో అచ్చయి ఎక్కడో బీరువాల్లో పడి ఉంటుందట. అట్లా కాకుండా తెలుగులో చిన్న పుస్తకం వేయించారట. ఊర్లోనే మీటింగ్ పెట్టి, ఇంటికొకటి పంచి, చదివి వినిపిస్తారట. "వాళ్ళ దగ్గర తీసుకున్నది వాళ్ళకే తిరిగి ఇచ్చేద్దాం హెప్సీ." విదేశం నుంచి ఇద్దరు అతిథులు కూడా చూడటానికి వస్తున్నారన్నారు. నేను పంచాయతీ ఆఫీసు హాలు అడిగి పెట్టాను. ఇంటింటికీ తిరిగి చెప్పాను. బుచ్చవ్వకైతే ముందు వరసలో కుర్చీ వేస్తానని మాటిచ్చాను.

మీటింగుకు ముందురోజు పుస్తకాల పార్సిల్ జమ్మికుంట బస్‌స్టాండుకు వచ్చింది. నూట యాభై పుస్తకాలు. బస్సు కోసం చూస్తూ కట్ట విప్పి ఒకటి తీశాను. మొదట్లో ఆరు పేజీలు మేడం తన గురించి రాసుకున్నారు. తన కులం, తన చదువు, తన పాస్‌పోర్టు, మంచం ఎక్కకుండా గచ్చు మీద కూర్చున్న సంగతి, తన ఇబ్బంది. తర్వాత విషయసూచిక. నాలుగో కథ, ముప్పై ఒకటో పేజీ: "ఫోన్ రాని శుక్రవారాలు."

నిలబడే చదివాను. జమున పేరు సరోజ అని మార్చారు. దమ్మాం మార్చలేదు. చెవులు వినిపించని అత్త అట్లాగే ఉంది. ఒక్క కూతురు, రోడ్డుపక్క ఇల్లు కట్టుకున్న బావ, వేములవాడ పుట్టిల్లు, పలిగిన కాళ్ళు. అన్నీ ఉన్నాయి. పైన "ఊరి పరిశోధకురాలి డైరీ నుంచి" అని ఉంది. నేను డైరీ చెప్పింది మామూలు తెలుగులో. అచ్చులో నా నోట్లో గట్ల, గిట్ల పెట్టారు. మేడం ఆరు పేజీలు మాత్రం మంచి తెలుగులో ఉన్నాయి.

బస్‌స్టాండులోంచే ఫోన్ చేశాను.

"మేడం, ముప్పై ఒకటి నుంచి నాలుగు పేజీలు తీసేయాలి."

"పేరు మార్చాం కదా హెప్సీ."

"పేరు ఏదైతేనేం మేడం? మా ఊర్లో బడిపిల్లలు కూడా చెప్తారు అది ఎవరో."

"ఆమె సమ్మతి పత్రం మీద సంతకం పెట్టారు."

"వాకిట్లో చెప్పినదానికి పెట్టింది. ఇది మీకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు. మా అవ్వకు చెప్పుకుంది."

"నిజమే. అందుకే దాన్ని ఆమె ఇంటర్వ్యూగా వేయలేదు. అది నీ డైరీ. నీ అనుభవం. దానికి నీ సమ్మతి ఉంది." మేడం గొంతులో కోపం లేదు. అదే నన్ను ఇంకా మండించింది. "ఆ పేజీలు పెట్టాలా వద్దా అని నేనెంత నలిగిపోయానో ముందుమాటలో రాశాను, చూడు."

"చూశాను మేడం. మీరు నలిగితే ముందుమాట అవుతుంది. ఆమె నలిగితే ఇల్లు పోతుంది."

"అతిథులు బయలుదేరారు హెప్సీ. అయినా ఊరివాళ్ళ సంగతి ఊరివాళ్ళకు దక్కకుండా నేనే దాచుకుంటే, దాన్నే కదా దొంగతనం అంటాం? రేపు వచ్చాక మాట్లాడుకుందాం."

ఎంత అన్యాయమో చూడండి. పాత దొరల్లాగే ఇంగ్లీషులో రాసి బీరువాలో పెట్టుకొని ఉంటే జమున చిన్నమ్మకు ఏ ఆపదా ఉండేది కాదు. తెలుగులోకి తెచ్చి, మా ఊరికే మోసుకొచ్చి, ఆమె ఇంటిమీద వేస్తున్నారు. దానికి న్యాయం అని పేరు.

ఇంటికి పోయి అవ్వ ముందు పుస్తకం పెట్టాను. అవ్వ బైబిల్ చదివినట్టే వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, నాలుగు పేజీలూ చదివింది.

"గిది ఆమెకు ఎవలు చెప్పిన్రు?"

"నేనే."

అవ్వ తిట్టలేదు. తిడితే బాగుండేది. "సాళ్ళల్ల మాట గిది," అంది నెమ్మదిగా. "పోయి జమునకు చెప్పు."

"చింపేస్త అవ్వా. చింపేస్తె అయిపోతది. ఆమెను పరేషాన్ చేసుడెందుకు?"

"చెప్పుమంటున్న."

"చింపినంక చెప్పేదేముంటది అవ్వా?"

"నీ ఇష్టం. నా చెయ్యి మాత్రం పెట్టియ్యకు."

బాపు గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చుకున్నాను. తలుపు వేసుకొని, ఒక్కో పుస్తకంలో రెండేసి ఆకులు కోసి తీశాను. చింపిన ఆకులు పొయ్యిలో పెట్టాను. బొటనవేలు రెండుచోట్ల తెగింది. అవ్వ ఆ పొయ్యిమీదే అన్నం వండింది. అంతా అయిపోయిందనుకున్నాను. విషయసూచిక మాట నాకు గుర్తే లేదు.

మర్నాడు పదిగంటలకు హాలు నిండింది. మేడం వచ్చిన అతిథులతో కలిసి నేల మీద కూర్చోబోతే, సర్పంచ్ బతిమాలి కుర్చీలు వేయించాడు. నేను ఇచ్చిన మాట ప్రకారం ముందువరసలో బుచ్చవ్వ, పక్కన జమున చిన్నమ్మ, వెనక మా అవ్వ. పుస్తకాలు పంచాను. నాకు మాత్రమే తెలిసిన గెలుపుతో లోపల్లోపల ధైర్యంగా ఉన్నాను. మేడం మైకు పట్టుకొని ఇది మా పుస్తకం కాదు, మీ పుస్తకం అని చెబుతున్నారు.

"మేడం, గిదేంది?" అన్నాడు వెనక నుంచి పరశురాములు. అతనికి ప్రతి కాగితం మొదటినుంచి చూసే అలవాటు. "నాలుగోది ముప్పై ఒకటో పేజీల ఉన్నదని రాసిన్రు. ముప్పై తర్వాత ముప్పై ఐదు వచ్చింది. నడుమ లేదు." తలెత్తి, హాలంతా వినేలా చదివాడు. "'ఫోన్ రాని శుక్రవారాలు'. గీ ముచ్చట ఎటు పోయింది?"

పుస్తకాలు తిప్పుతున్న చప్పుడు. నాదాంట్ల కూడా లేదు, నాదాంట్ల కూడా లేదు అంటున్నారు అందరూ. మేడం బిత్తరపోయి తన సంచిలోంచి ప్రెస్సువాళ్ళు ముందే ఇచ్చిన పుస్తకం తీశారు. అందులో ఆ పేజీలున్నాయి.

"చదవొద్దు మేడం," అన్నాను.

ఆమెకు అప్పుడు అర్థమైంది. నా బొటనవేలి కట్టు చూశారు. "ఇది నువ్వు చేశావా? వాళ్ళ కథ వాళ్ళకు అందకుండా చేసే హక్కు నీకెవరిచ్చారు హెప్సీ?"

"వాళ్ళ కథ మీకిచ్చే హక్కు నాకెవరిచ్చారు మేడం?"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట బయట అరుగుమీద కూర్చున్నవాళ్ళకు కూడా వినిపించింది. నేను ఆ వేడిలో, ఎవరినో కాపాడుతున్నానన్న పొగరులో అన్నాను. కానీ ఎవరి కథ అని హాలంతా వెతుక్కోవడం మొదలైంది. శుక్రవారం ఫోన్ వచ్చే ఇల్లు మా ఊర్లో ఎవరిదో అందరికీ తెలుసు. ఒకరి తర్వాత ఒకరు ముందువరస వైపు తిరిగారు.

బుచ్చవ్వ మేడం చేతిలోని పుస్తకం చూసింది. తర్వాత కోడలి ముఖం చూసింది.

జమున చిన్నమ్మ లేచి కర్ర అందించింది. "లే అత్తా. ఇంటికి పోదాం."

"పోదాం పా," అంది బుచ్చవ్వ.

ఇద్దరూ జనం మధ్య నుంచి మెల్లగా నడుచుకుంటూ పోయారు. పరశురాములు మేడం దగ్గరికి వచ్చి ఆ పుస్తకం ఇమ్మని చేయి చాపాడు. మేడం ఇవ్వలేదు, సంచిలో పెట్టుకున్నారు. అది ఆమె చేసిన మంచిపనే. అయితే అతనికి అప్పటికే సరిపడా తెలిసిపోయింది.

ఆ ఇంట్లో అత్తా కోడళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు జమున చిన్నమ్మ నల్లా దగ్గర కనిపించింది. తప్పయింది చిన్నమ్మా అని ఏడ్చాను. ఆమె బిందె నల్లా కింద పెట్టింది.

"మీ అవ్వకు చెప్పిన నేను. నీకు చెప్పలే," అంది. తర్వాత, "పేరు మార్చిన్రట గద. ఏం పేరు పెట్టిన్రు?"

"సరోజ."

"మంచి పేరే," అంది బిందె చంకకెత్తుకుంటూ. "గా సరోజకు ఇల్లున్నదానే పుస్తకంల? ఉంటె చెప్పు, నా బిడ్డను తీస్కొని ఆడికే పోత."

అదే రోజు సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. అవ్వ లేచి చాప పరిచి, నా వైపు చూడకుండానే, "హెప్సీ, నువ్వు జర అవతలికి పో," అంది. ఇరవై నాలుగేళ్ళలో మా అవ్వ నన్ను ఇంట్లోంచి బయటికి పొమ్మనడం అదే మొదలు. ఆఖరి ఏరుడుకు కూడా నన్ను లేపకుండానే పోయింది. ఇప్పటికీ చేను ముచ్చట నా ముందు ఎత్తదు. వంట, పండుగ, చర్చి, బాపు ఆరోగ్యం, ఇవి మాట్లాడుకుంటాం.

మేడం రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఎత్తలేదు.

శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటాక పరశురాములు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకొని బుచ్చవ్వ వాకిట్లోకి వచ్చాడు. మా గోడ మోకాలెత్తే. నేను బియ్యం చెరుగుతున్నదాన్ని చెరుగుతున్నట్టే ఉండిపోయాను. జమున చిన్నమ్మ గడపలో నిలబడి ఉంది. ఆమె వెనక కావ్య.

"అవ్వా, ఎన్నో నెలలసంది తమ్ముని పత్తా లేదట," అన్నాడు పరశురాములు గట్టిగా. "గీమె రోజుకో అబద్ధం చెప్పి ఇంట్ల కూసున్నది. పెద్దమనుషుల ముందట మాట్లాడుదాం. ఇగ ఈమెను వాళ్ళింటికి తోలుదాం."

బుచ్చవ్వ మంచం మీద కూర్చొని ఉంది. ఒళ్ళో జమున చిన్నమ్మ ఫోను ఉంది. ఆ ముసలామె చేతిలో ఫోను నేనెప్పుడూ చూడలేదు.

"ఎవలన్నరు పత్తా లేదని? ఇప్పుడే మాట్లాడిండు అంజన్న," అంది.

పరశురాములు ఆగిపోయాడు. "ఎవలతోని మాట్లాడిండు?"

"నాతోని. జమున చేన్ల నుంచి రాకముందే చేసిండు. వేరే రూముకు మారిండట. బువ్వ మంచిగనే పెడుతున్నరట. ఇల్లు జమునది, ఆమె మాట కాదనకు అన్నడు. అన్నకు గూడ చెప్పు అన్నడు."

పెద్దమనుషుల్లో ఒకాయన నేల చూపులు చూశాడు.

"నీకు ఫోన్ల మాట వినవడది గదనే!" అని అరిచాడు పరశురాములు.

"ఎవలిదో అయితె వినవడది," అంది బుచ్చవ్వ. "నా కొడుకు మాట నాకు వినవడదారా?"

కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు. అన్నం తిని పోండ్రి అంది పెద్దమనుషులతో. వాళ్ళు తినలేదు. చెప్పులేసుకొని, ఇంకోనాడు మాట్లాడుదాంలే పరశురాములూ అంటూ వెళ్ళిపోయారు. అతను కాసేపు నిలబడి తనూ వెళ్ళాడు. బుచ్చవ్వ ఫోను కోడలి వైపు చాపింది. ఆమె వచ్చి తీసుకోలేకపోయింది. గడపలోనే కూలబడి, నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చింది. నేను లేచి ఇంట్లోకి వచ్చేశాను. ఆ ఏడుపు నేను చూడాల్సింది కాదు.

సాయంత్రం మళ్ళీ మేడం ఫోన్. ఈసారి ఎత్తాను.

"హెప్సీ, నాకు నిద్ర పట్టడం లేదు. ఈ మొత్తం విషయంలో నా పాత్ర గురించి, నువ్వు చింపిన పేజీల గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. నీ పేరు కూడా నా పేరు పక్కనే ఉంటుంది. ఒక్కటే తెలియాలి. ఆ రోజు వాళ్ళిద్దరూ హాల్లోంచి వెళ్ళాక ఇంట్లో ఏం జరిగింది? ఆమెకు తెలిసిపోయిందా, కొడుకు ఫోన్ చేయడం లేదని?"

గోడకు అవతల కావ్య పాఠం గట్టిగా చదువుకుంటోంది.

"చేస్తున్నాడు మేడం," అన్నాను. "ఈరోజే చేశాడు. మీ పుస్తకంలో తప్పు పడింది. దిద్దుకోండి."